పెద్దల సభలో గలభా: డెస్కు కుర్చీలోంచి ‘ఈనాడు’ కథ

హెడ్డింగ్‌లో మూడే మాటలు: పెద్దల సభలో గలభా. 1983 మార్చిలో ‘ఈనాడు’లో వచ్చింది. ఆ మూడు మాటల కోసం రాష్ట్ర శాసనమండలి ‘ఈనాడు’ అధిపతి రామోజీరావును పట్టుకుని తెమ్మంది, సుప్రీంకోర్టు వద్దంది, మధ్యలో హైదరాబాద్ పోలీస్ కమిషనర్ ఇరుక్కుపోయారు. జర్నలిజం కోర్సులో చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఈ కేసు ఇస్తాను. అడిగే ప్రశ్న ఒకటే: ఇందులో అబద్ధం ఎక్కడుంది?

ముందు నా సంగతి చెప్పాలి. నేను ‘ఈనాడు’లో ఒక్కరోజు కూడా పనిచేయలేదు. దానికి పోటీగా నడిచిన ఒక దినపత్రికలో జిల్లా డెస్కులో (విలేకరులు పంపిన వార్తలు దిద్ది, పేజీ కట్టే చోటు) మొదలుపెట్టి స్టేట్ డెస్కు దాకా ఇరవై ఏళ్ల పైనే చేశాను. పొద్దున్నే ఆఫీసుకు రాగానే మేం ముందు తిరగేసేది మా పేపర్ కాదు, వాళ్లది. మీటింగ్‌లో మొదటి అరగంటా ‘వాళ్లకొచ్చింది, మనకెందుకు రాలేదు’ అన్న పంచాయితీతోనే సరిపోయేది. కాబట్టి ఈ రాతలో కొంత అభిమానం ఉంటుంది, కొంత అసూయా ఉంటుంది. చదివేవాళ్లు ఎంత తీసేయాలో అంత తీసేసుకోండి.

విశాఖలో ఎందుకు?

‘ఈనాడు’ 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. అప్పట్లో తెలుగు పత్రిక అంటే విజయవాడ, లేకపోతే హైదరాబాద్. ‘ఆంధ్రప్రభ’, ‘ఆంధ్రజ్యోతి’, ‘ఆంధ్రపత్రిక’ అన్నీ ఆ వరసలోనివే. అక్కడ అచ్చయిన పేపర్ రైలెక్కి ఉత్తరాంధ్ర చేరేసరికి పొద్దెక్కిపోయేది. పెద్ద ఊరు, రేవు, నౌకానిర్మాణ కేంద్రం, ఉద్యోగస్తులు. పొద్దుటి కాఫీతో చదువుకోవడానికి ఆ పూట అచ్చయిన తెలుగు పేపర్ మాత్రం లేదు. రామోజీరావు పట్టుకున్నది ఈ ఖాళీనే. తెల్లారేసరికి పేపర్ గుమ్మంలో ఉండాలి. అంతే. గొప్ప సిద్ధాంతమేమీ కాదు, కిరాణా కొట్టువాడికి కూడా తట్టే లెక్క. కానీ అప్పటిదాకా పత్రికలు నడిపినవాళ్లు సంపాదకీయం గురించి ఆలోచించినంతగా బండిల్ గురించి ఆలోచించలేదు. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు పేరు చూసి పేపర్ కొన్న తరం అది.

తొలి సంపాదకుడు ఏబీకే ప్రసాద్. తర్వాత ‘ఉదయం’కీ, ‘వార్త’కీ కూడా తొలి సంపాదకుడాయనే. కానీ ‘ఈనాడు’లో కొన్నాళ్లకే ఒక మార్పు వచ్చింది. అధిపతే ప్రధాన సంపాదకుడయ్యారు. ఆ తర్వాత తెలుగులో వచ్చిన చాలా పత్రికలకు అదే నమూనా అయింది. ఇప్పుడు ఏ తెలుగు పేపర్‌కైనా ఎడిటర్ ఎవరని పాఠకుణ్ని అడగండి. యజమాని పేరే చెబుతాడు.

వ్యాపారి పేపర్ పెట్టడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం అమ్మి ‘ఆంధ్రపత్రిక’ నడిపారు. తలనొప్పి మందు పోషించిన పత్రిక అది. రామోజీరావుకు 1962లో పెట్టిన మార్గదర్శి చిట్‌ఫండ్ ఉంది, 1969 నుంచి రైతుల కోసం నడుపుతున్న ‘అన్నదాత’ మాసపత్రిక ఉంది. చిట్టీల వసూలు చేసేవాడికి ఏ వీధిలో ఎవరుంటారో తెలుస్తుంది. రైతు పత్రిక నడిపేవాడికి పల్లెలో ఏం చదువుతారో తెలుస్తుంది. ఈ రెండు అనుభవాలే పేపర్‌కు పెట్టుబడి అని నా ఉద్దేశం. అమృతాంజనానికీ చిట్టీలకూ ఒక తేడా మాత్రం ఉంది. మందు సీసా అమ్మేశాక లెక్క అయిపోతుంది. జనం సొమ్ము దగ్గర పెట్టుకున్నవాడి లెక్క అలా తెగదు. ఆ ముడి దగ్గరికి తర్వాత వస్తాను.

1975 డిసెంబర్‌లో హైదరాబాద్, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి. ఎనిమిదేళ్లలో రాష్ట్రం నాలుగు మూలలా ప్రెస్సులు పడ్డాయి. ఇంకో విషయం భాష. ‘ఈనాడు’ వాడిన తెలుగు చదువు తక్కువవాళ్లకు కూడా అందే తెలుగు. పొడుగు సమాసాలు తీసేసి, వాక్యం కత్తిరించి రాశారు. వెక్కిరింపు కూడా బాగా తెలుసు. మొదటి పేజీలో శ్రీధర్ ‘ఇదీ సంగతి’ కార్టూన్ చూశాకే వార్త చదివే ఇళ్లు నాకు ఎన్నో తెలుసు.

1983: అంత ఊపు ఎక్కడిది

ఎన్టీఆర్ 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఈ తొమ్మిది నెలల్లో ‘ఈనాడు’ ఏం చేసిందన్నది తెలుగు జర్నలిజంలో ఇప్పటికీ తెగని చర్చ. చైతన్యరథం వెంట జనం వచ్చారు, అది నిజం. వచ్చిన జనాన్ని పేపర్ రోజూ చూపించింది, అదీ నిజం. కాంగ్రెస్ సభలకు అంత జాగా దొరకలేదు. ఒక్క అబద్ధమూ రాయకుండానే పేపర్ ఒక పక్షం పట్టింది.

నా మట్టుకు నాకు ఈ మొత్తం కేసుకు ఇదే ఇరుసు. తెలుగు పత్రికల పక్షపాతం వార్తలో ఉండదు, వార్తకిచ్చిన జాగాలో ఉంటుంది. ఎన్ని కాలమ్‌లు, ఏ పేజీ, ఏ ఫొటో, మడతకు పైనా కిందా. పాఠకుడు వాక్యాన్ని అనుమానిస్తాడు గానీ జాగాను అనుమానించడు. డెస్కులో కూర్చున్నవాడికి ఈ సంగతి మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ హెడ్డింగ్ దగ్గరికి వద్దాం. శాసనమండలిలో కాంగ్రెస్‌దే పైచేయి. శాసనసభలో కొత్తగా వచ్చిన తెలుగుదేశం. మండలిలో జరిగిన గొడవ మీద ‘ఈనాడు’ వార్త రాసి ఆ హెడ్డింగ్ పెట్టింది. ‘గలభా’ అన్న మాట సభను కించపరిచిందని మండలి సభాహక్కుల ఉల్లంఘన కింద తీసుకుంది.

క్లాసులో పిల్లల చేత ఇదే వార్తకు వేరే హెడ్డింగులు పెట్టిస్తాను. ‘మండలిలో వాగ్వాదం’ అంటారు ఒకరు. ‘ఎగువ సభలో రభస’ అంటారు ఇంకొకరు. ఏదీ పండదు. ఎందుకో చూడండి. ‘పెద్దల సభ’ అన్నది మండలికి అందరూ వాడే మర్యాద పేరే. ‘గలభా’ సంతలో, సారా కొట్టు దగ్గర జరిగేది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టగానే ‘పెద్దలు’ అన్న మాటలోని పెద్దరికం ఊడి పడిపోతుంది. అబద్ధం లేదు. ఎత్తిపొడుపు మాత్రం నిండా ఉంది. మండలి సభ్యులకు తెలుగు బాగా తెలుసు కాబట్టే కోపం వచ్చింది.

సభాహక్కుల సంఘం తప్పు తేల్చింది. సభ ముందు నిలబడి మందలింపు వినాలని రామోజీరావుకు కబురు పంపింది. ఆయన వెళ్లలేదు. సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1984 మార్చిలో మండలి ఆయన్ను తీసుకురావాలని కమిషనర్ కె. విజయరామారావుకు చెప్పింది. అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు ఆదేశం. ఒక చేతిలో సభ ఆజ్ఞ, ఇంకో చేతిలో కోర్టు స్టే. కోర్టు మాటే నిలిచింది, అరెస్టు జరగలేదు. (ఈ కమిషనరే తర్వాత సీబీఐ డైరెక్టర్ అయ్యారు. ఆ తర్వాత తెలుగుదేశం మంత్రి కూడా అయ్యారు.)

చట్టం వైపు చూస్తే పత్రిక గెలుపు ఖాయమేమీ కాదు. రాజ్యాంగం 194(3) అధికరణ సభలకు ఇచ్చిన హక్కులు ఎక్కడిదాకా అన్నది ఎవరూ గీత గీసి చెప్పలేదు. బిహార్ ‘సెర్చ్‌లైట్’ పత్రిక కేసులో 1958లో సుప్రీంకోర్టు సభ వైపే మొగ్గింది. మన కేసు అయిన మూడేళ్లకు, 1987లో, తమిళనాడు అసెంబ్లీ ఒక కార్టూన్ వేసినందుకు ‘ఆనంద వికటన్’ సంపాదకుణ్ని జైల్లో పెట్టింది. దేశమంతా గోల చేస్తే రెండు మూడు రోజుల్లో వదిలేశారు. అక్కడ ముఖ్యమంత్రి పార్టీయే సభలో బలంగా ఉంది. ఇక్కడ ముఖ్యమంత్రి పత్రిక వైపున ఉన్నాడు, సభ ఎదుటివాళ్లది. ‘ఈనాడు’కు కలిసొచ్చింది ఇదే. పత్రికా స్వేచ్ఛ గెలిచిందని పాఠాల్లో చెబుతుంటాం. ఆ రోజు ముఖ్యమంత్రి ఎవరన్నది కూడా పక్కనే రాయాలి.

1985లో మండలే రద్దయిపోయింది. దానికి కారణం ఈ హెడ్డింగ్ అనలేం. బిల్లులకు అడ్డుపడుతున్న ప్రతిపక్ష మండలిని ఎన్టీఆర్ వదిలించుకున్నారు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో 2007లో మండలి మళ్లీ వచ్చింది.

ఈ మధ్యలోనే 1984 ఆగస్టు సంక్షోభం. నాదెండ్ల భాస్కరరావును గవర్నర్ రామ్‌లాల్ ముఖ్యమంత్రిని చేశారు. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. ఆ నెల రోజులూ ‘ఈనాడు’ పేపర్‌లా కాదు, ఉద్యమ కరపత్రంలా నడిచింది. అప్పుడది తప్పని అన్నవాళ్లు తక్కువ. జరిగింది అన్యాయమని జనం నమ్మారు కాబట్టి.

జిల్లా పేజీ

1989లో ‘ఈనాడు’ జిల్లా ఎడిషన్లు తెచ్చింది. మెయిన్ పేపర్ మధ్యలో సగం సైజు పేపర్, ఆ జిల్లా వార్తలతో. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు, ఎందుకంటే నా జీవితంలో మంచి పదేళ్లు అక్కడే గడిచాయి.

ఎలా నడిచేదో చెబుతాను. మండలానికో విలేకరి. ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్. ఆయనకు ఊళ్లో బడిపంతులు ఉద్యోగమో, ఎరువుల కొట్టో, ఎల్ఐసీ ఏజెన్సీయో ఉండేది. మధ్యాహ్నం దాకా వార్తలు రాసి, కవర్లో పెట్టి, ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాడు. బస్టాండ్‌లో మా ఆఫీస్ బాయ్ ఆ కవర్లన్నీ ఏరుకొచ్చేవాడు. సాయంత్రం ఆరింటికి టేబుల్ మీద కట్టలు కట్టలు. బస్సు ఫెయిలైతే ఆ మండలంలో ఆ రోజు ఏమీ జరగనట్టే. కంట్రిబ్యూటర్‌కు డబ్బు లైన్ లెక్కన. అచ్చయిన వార్తలను స్కేలుతో కొలిచి నెలాఖరుకు ఇచ్చేవాళ్లం. కొలతలో తేడా వచ్చిందని నాతో పోట్లాడినవాళ్లు ఇప్పటికీ కనిపిస్తే నవ్వుతారు.

దీంతో ఏమైందంటే, జన్మలో పేపర్‌లో పేరు చూసుకోనివాడు చూసుకున్నాడు. బోరు పాడైందని రాస్తే మండలాఫీసు కదిలింది. సర్పంచ్ ఫొటో వచ్చింది. బట్టల కొట్టు ప్రారంభోత్సవం, దశదిన కర్మ, పెళ్లిరోజు శుభాకాంక్షలు, అన్నీ ప్రకటనలయ్యాయి. పేపర్ కొనని ఇళ్లల్లో పేపర్ పడింది. ‘ఆంధ్రజ్యోతి’, ‘వార్త’, తర్వాత ‘సాక్షి’, ఎవరొచ్చినా ఈ దారే పట్టారు.

నష్టం కూడా ఇక్కడే మొదలైంది. లైన్ లెక్కన వచ్చే డబ్బుతో బీడీలు కూడా రావు. అందుకని విలేకరే యాడ్స్ తేవాలి, కమీషన్ తీసుకోవాలి. పొద్దున సర్పంచ్ మీద వార్త రాసి, సాయంత్రం అదే సర్పంచ్ దగ్గర సంక్రాంతి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. ఏం రాస్తాడు? రాయనందుకు డబ్బు తీసుకునేవాళ్లు కూడా తయారయ్యారు. ఇది ఏ ఒక్క పేపర్ పాపమూ కాదు, మేమందరం నడిపిన పద్ధతే అది. రెండో నష్టం కంటికి కనిపించదు. శ్రీకాకుళంలో జరిగింది శ్రీకాకుళం పేజీలోనే ఉండిపోతుంది. పక్క జిల్లావాడికి తెలియదు. రాష్ట్రమంతా ఒకే పేపర్ చదువుతోంది, కానీ ఒకే వార్త చదవట్లేదు.

సారా

జిల్లాల మధ్య ఈ గోడను పేపరే తలుచుకుంటే ఎలా బద్దలు కొట్టగలదో 1992లో చూశాం. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే వయోజన విద్య చదువుల్లో ఆడవాళ్లు వాచకంలో సారా గురించి పాఠం చదువుకున్నారు. దూబగుంటలో రోశమ్మతో మరికొందరు కలిసి ఊళ్లో సారా కొట్టు మూయించారు. జిల్లా పేజీలో నాలుగు రోజులు నలిగి పోవాల్సిన వార్త అది. ‘ఈనాడు’ దానికి రాష్ట్రమంతటికీ ‘సారాపై సమరం’ పేరుతో రోజూ పేజీ కట్టింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసింది మర్నాడు ఇంకో ఊరివాళ్లు చదివారు, చదవలేనివాళ్లు చదివించుకుని విన్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం. 1994 డిసెంబర్‌లో మళ్లీ గెలిచిన ఎన్టీఆర్ మొదటి సంతకం మద్యనిషేధం మీదే, 1995 జనవరిలో అమలు.

ఇక్కడ మెచ్చుకోకుండా ఉండలేను. ఒక ప్రాంతీయ దినపత్రిక చేయగలిగిన పెద్ద పని ఇదే అనుకుంటాను. కానీ కేసు రాస్తున్నాను కాబట్టి రెండో పక్క కూడా చెప్పాలి. ప్యాకెట్ సారాను ‘వారుణి వాహిని’ పేరుతో పల్లెపల్లెకూ పంపింది 1980ల ఎన్టీఆర్ ప్రభుత్వమే. 1992లో అధికారంలో ఉన్నది కాంగ్రెస్. పైగా పోటీ పత్రిక ‘ఉదయం’ అప్పటికి మద్యం వ్యాపారి, కాంగ్రెస్ నాయకుడు మాగుంట సుబ్బరామిరెడ్డి చేతుల్లోకి వెళ్లింది. ఒక్క దెబ్బకు ఎన్ని పిట్టలో అని మా ఆఫీసులో అనుకునేవాళ్లం. రోశమ్మకు మాత్రం ఈ లెక్కలతో పనిలేదు. ఆమెకు కావాల్సింది కొట్టు మూతపడటం, అది పడింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం మద్యనిషేధాన్ని సడలించినప్పుడు అంతటి పేజీలు మళ్లీ రాలేదు. అప్పుడు కూడా అబద్ధమేమీ రాయలేదు, జాగా తగ్గిందంతే.

1995 ఆగస్టు గురించి క్లుప్తంగా చెబుతాను, అందరికీ తెలిసిందే. ఎన్టీఆర్‌ను దించి చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో ఎన్టీఆర్ కోసం నెల రోజులు పోరాడిన పేపర్ ఈసారి అవతలి వైపుంది. ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి మీద వచ్చిన కార్టూన్లు ఇవాళ అచ్చేయాలంటే ఏ డెస్కైనా జంకుతుంది.

‘ఆ రెండు పత్రికలు’

2004లో వైఎస్ వచ్చారు. ‘ఆ రెండు పత్రికలు’ అన్న మాట ఆయన నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ‘ఈనాడు’, ‘ఆంధ్రజ్యోతి’ అని పేరు పెట్టి చెప్పకపోయినా అందరికీ అర్థమయ్యేది. 2006 నవంబర్‌లో కాంగ్రెస్ ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ మార్గదర్శి ఫైనాన్షియర్స్ మీద ఫిర్యాదు చేశారు. అది కంపెనీ కాదు, హిందూ అవిభక్త కుటుంబం. అలాంటి సంస్థ ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకోవడం రిజర్వు బ్యాంకు చట్టం 45ఎస్ సెక్షన్‌కు విరుద్ధమన్నది అభియోగం. దాదాపు 2,600 కోట్ల రూపాయల లెక్క. డిపాజిటర్లెవరూ ఫిర్యాదు చేయలేదు, అందరికీ డబ్బు చెల్లిస్తున్నాం, ఇది పత్రిక గొంతు నొక్కడానికి వేసిన ఎత్తు అన్నది సంస్థ వాదన. 2018 చివరి రోజున హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి, మళ్లీ వినమని తెలంగాణ హైకోర్టుకు పంపింది.

ఇద్దరి మాటలోనూ నిజముందని చెబితే పిల్లలకు చిరాకు. కానీ ఉంది. ప్రభుత్వం కన్ను పడింది పేపర్ రాతల వల్లే అని ఊరంతా ఎరుగు. అంతమాత్రాన చట్టం అడిగిన ప్రశ్న పోదు. పేపర్‌కూ ఫైనాన్స్‌కూ ఒకే గొడుగైతే ఒకదాని మీద వాన పడితే రెండూ తడుస్తాయి. ఇందాక ముడి అన్నది దీన్నే. ఆ రోజుల్లో ‘ఈనాడు’ తన యజమాని కేసు వార్తను తన పేజీల్లో ఎలా రాసిందో చూడటం పిల్లలకు మంచి ఎక్సర్‌సైజు. ఎదుటివాళ్ల ఆరోపణకు ఎంత జాగా, సంస్థ వివరణకు ఎంత జాగా? స్కేలు పెట్టి కొలవమంటాను.

వైఎస్ ప్రభుత్వం 2007 ఫిబ్రవరిలో జీవో 938 తెచ్చింది, పత్రికల మీద కేసులు వేయడానికి అధికారులకు వీలిస్తూ. జర్నలిస్టులంతా రోడ్డెక్కితే పక్కన పెట్టారు. 2019లో జగన్ ప్రభుత్వం జీవో 2430తో మళ్లీ అదే దారి పట్టింది. ఈ మధ్యలో 2008 మార్చి 24న వైఎస్ కుమారుడు జగన్ పెట్టిన ‘సాక్షి’ వచ్చింది. ఒకేసారి 23 ఎడిషన్లు, అన్నీ రంగుల పేజీలు, ధర 2 రూపాయలు. ‘ఈనాడు’ ముప్పై ఏళ్లలో కట్టుకున్న యంత్రాంగాన్ని డబ్బు పోసి ఒక్క రోజులో నిలబెట్టారు. అప్పటినుంచి తెలుగు పాఠకుడు వార్త కింద పార్టీని కూడా కలిపి చదవడం నేర్చుకున్నాడు. రెండు పేపర్లు కొని సగటు తీసుకుంటానని చెప్పిన ఒక రిటైర్డ్ మాస్టారు నాకు తెలుసు.

2022లో గ్రామ, వార్డు వాలంటీర్లు పేపర్ కొనుక్కోవడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 200 రూపాయలు ఇస్తానంది. ఇది ‘సాక్షి’ కోసమేనని ‘ఈనాడు’ సంస్థ కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు ఆ కేసును ఢిల్లీ హైకోర్టుకు మార్చింది. సర్క్యులేషన్ కోసం కోర్టుకు పోవాల్సి వస్తుందని 1974లో విశాఖలో పేపర్ పంచిన కుర్రాళ్లకు చెబితే నమ్మేవాళ్లు కాదు.

తెలంగాణ ఉద్యమంలో వచ్చిన విమర్శ వేరే రకం. జిల్లా పేజీలన్నీ తెలంగాణలోనూ ఉన్నాయి, విలేకరులూ అక్కడివాళ్లే. కానీ డెస్కులో దిద్దిన భాష కోస్తాది. విలేకరి ‘బిడ్డ’ అని రాస్తే ‘కూతురు’ అని మార్చిన సబ్‌ఎడిటర్లలో నేనూ ఉన్నాను. పాఠకుడు చెప్పేదాకా అది తప్పని మాకు తట్టలేదు. 2011 జూన్‌లో ‘నమస్తే తెలంగాణ’ వచ్చింది. దానికీ వెనక ఒక పార్టీ ఉంది.

రామోజీరావు 2024 జూన్ 8న చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం కూటమి గెలిచిన ఫలితాలు వచ్చి అప్పటికి నాలుగు రోజులు.

క్లాసు అయ్యాక ఒకమ్మాయి అడిగింది, ‘సార్, మరి మీ పేపర్ సంగతి?’ అని. చెప్పాను. ఒక రాత్రి పదకొండున్నరకు మొదటి పేజీ పంపేశాక యాజమాన్యం వైపు నుంచి ఫోన్ వచ్చింది. ఒక కాంట్రాక్టర్ మీద వార్త. ‘తీసేయమనట్లేదండీ, లోపల ఎక్కడైనా వాడండి’ అన్నారు. ఏడో పేజీలో టెండర్ ప్రకటన పక్కన సింగిల్ కాలమ్ ఖాళీ ఉంది. వార్తలో ఒక్క అక్షరం తప్పు లేదు. అక్కడ పట్టేలా కత్తిరించి, హెడ్డింగ్ నేనే పెట్టాను. పొద్దున్నే విలేకరి ఫోన్ చేసి, లైన్లు ఎందుకు తగ్గాయని మాత్రం అడిగాడు.